ఐరన్ మాత్రలు వాడుతున్నా రక్తం పెరగడం లేదు: ఆరో నెల, హిమోగ్లోబిన్ 8.4

గోదారిగట్టు

మా వదినకి 24 వారాలు. మొదటి కాన్పు. మూడో నెలలో హిమోగ్లోబిన్ 10.1 ఉండేది, ఇప్పుడు 8.4కి వచ్చింది. రిపోర్టులో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా: ఆర్‌బీసీ 3.9, ఎంసీవీ 68, ఎంసీహెచ్ 21.5, ఆర్‌డీడబ్ల్యూ 19. ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉన్నాయి. కడుపుతో లేనప్పటి బరువు 50 కిలోలు.

నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర రోజుకొకటి వేసుకుంటోంది. అట్ట మీద ఫెర్రస్ ఫ్యూమరేట్ 150 మి.గ్రా. అని ఉంది. రాత్రి భోజనం కాగానే ఐరన్, కాల్షియం రెండూ కలిపి మింగేస్తుంది. విరోచనం గట్టిపడి, నల్లగా అవుతోందని మధ్యలో పది రోజులు ఆపేసింది. పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర 50 కూడా ఉంది. మా అత్తయ్య ఏమో ఐరన్ ఎక్కువైతే బిడ్డ నల్లగా పుడతాడు, బీట్‌రూట్, దానిమ్మ తింటే చాలు అంటోంది.

డాక్టరుగారు ఇంకో నెల చూసి పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిద్దాం అన్నారు. అది బిడ్డకి ప్రమాదం కాదా? మాత్ర మార్చాలా, మోతాదు పెంచాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓపీ_గది_3 (స్త్రీ వైద్యం)

ముందు ఆ 8.4 ఏమిటో చూద్దాం. కడుపుతో ఉన్నప్పుడు 11 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 10 నుంచి 10.9 స్వల్పం, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 లోపు తీవ్రం. మీ వదినది మధ్యస్థం. కొంత తగ్గుదల సహజమే. ఈ నెలల్లో రక్తంలోని నీరు, అంటే ప్లాస్మా, 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఎర్రకణాలు మాత్రం 20 నుంచి 30 శాతమే పెరుగుతాయి. రక్తం పలచబడినట్టు అవుతుంది. కానీ పలచబడటం వల్ల 10.5కి రావచ్చు గానీ 8.4కి రాదు. ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు, 68కి అసలే పడిపోదు. కణాలు చిన్నవైపోయాయంటే ఐరన్ నిల్వలు అడుగంటాయనే మొదట అనుకోవాలి.

నెలలు నిండేలోపు తల్లికి అదనంగా కావాల్సిన ఐరన్ మొత్తం దాదాపు 1000 మి.గ్రా. అందులో 300 దాకా బిడ్డకూ మాయకూ, 500 తల్లి పెంచుకునే ఎర్రకణాలకూ పోతాయి. ఎక్కువ భాగం ఆరో నెల తర్వాతే ఖర్చవుతుంది. అందుకే ఇప్పుడు నెల రోజులు వృథా అయితే తర్వాత పూడ్చడం కష్టం.

మాత్ర పనిచేయలేదు అనడానికి ముందు, అది సరిగ్గా లోపలికి చేరిందా అన్నది తేల్చుకోవాలి. మీరు రాసినదాంట్లోనే మూడు అడ్డంకులు కనిపిస్తున్నాయి: కాల్షియంతో కలిపి మింగడం, నిండు కడుపు మీద వేసుకోవడం, పది రోజులు మానేయడం. నాలుగోది అట్ట మీద ఉంది, దాని సంగతి ఫార్మసీవాళ్లు ఇంకా బాగా చెబుతారు.

బిడ్డ రంగుకీ ఐరన్‌కీ సంబంధం లేదు. రంగు అమ్మానాన్నల నుంచి వచ్చేది. విరోచనం నల్లబడటం మాత్రం నిజమే, ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది. భయపడాల్సిన పని లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తూ కళ్లు తిరుగుతుంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

మందులకొట్టు_వెనక (ఫార్మసిస్టు)

అట్ట మీద 150 అని ఉంటే 150 మి.గ్రా. ఐరన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. అది లవణం బరువు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో ఐరన్ మూడో వంతే, అంటే మీ వదినకి రోజుకి అందేది 50 మి.గ్రా. మాత్రమే. ఫెర్రస్ ఆస్కార్బేట్ అనే ఇంకో రకం ఐరన్ మాత్రల మీద మాత్రం "ఎలిమెంటల్ ఐరన్ 100 మి.గ్రా.కు సమానం" అని నేరుగా రాస్తారు. మాత్రలు పోల్చేటప్పుడు చూడాల్సింది ఆ ఎలిమెంటల్ (లవణం కాకుండా అసలు ఐరన్) అన్న మాట పక్కన ఉన్న అంకె. పీహెచ్‌సీలో, అంగన్‌వాడీ దగ్గర ఆశ ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఎలిమెంటల్ ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం బాగున్నవాళ్లకి అది రోజుకి ఒకటి, నాలుగో నెల నుంచి 180 రోజులు. హిమోగ్లోబిన్ 7కీ 11కీ మధ్య ఉంటే రోజుకి రెండు. ఆ లెక్కన చూస్తే మీ వదిన వేసుకుంటున్నది రక్తహీనత లేనివాళ్ల మోతాదు కన్నా కూడా తక్కువ. ఖరీదైన బ్రాండు అయినంత మాత్రాన బలమైన మాత్ర కాదు.

ఎక్కువసేపు కరిగే క్యాప్సూళ్లు కూడా కొన్ని ఉన్నాయి, కడుపులో మంట తక్కువ అని ఇస్తారు. ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. అది దాటాక కరిగితే ఏం లాభం?

ఇక టైములు. మీకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది కాబట్టి కాస్త జాగ్రత్తగా అమర్చుకోవాలి. ఐరన్, కాల్షియం రెండూ థైరాక్సిన్‌ను (థైరాయిడ్ మాత్రలోని మందును) పట్టేసుకుంటాయి, దానికీ వీటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు. డాక్టరుగారు ఐరన్ రోజుకి రెండు రాస్తే ఇలా కుదురుతుంది:

6 గంటలకి థైరాయిడ్, ఒట్టి నీళ్లతో
8కి టిఫిను, కాఫీ టీలు ఏవైనా ఇప్పుడే
11కి మొదటి ఐరన్, అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో
1.30కి భోజనం, వెంటనే కాల్షియం 500
8కి రాత్రి భోజనం, రెండో కాల్షియం 500
10.30కి పడుకునే ముందు రెండో ఐరన్

ఐరన్ వేసుకునే ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ, పాలు వద్దు. మాత్రతోపాటు టీ తాగితే ఒంటికి పట్టే ఐరన్ సగానికి పైగా తగ్గిపోతుంది. గ్యాస్ అని కొట్లో కొని రోజూ మింగే పాంటాప్రజోల్, యాంటాసిడ్ సిరప్‌లు కూడా అడ్డమే. అలాంటివి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి.

గోదారిగట్టు

అయ్యో, పొద్దున 11కి టీ తాగే అలవాటు ఉంది తనకి. మారుస్తాం. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తోందంటుంది, అందుకే భోజనం తర్వాత అలవాటు చేసుకుంది. మలబద్ధకానికి ఏమైనా వాడొచ్చా?

మందులకొట్టు_వెనక

వికారం ఆపలేకపోతే రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిని వేసుకోమనండి. పట్టేది కొంచెం తగ్గుతుంది, అసలు మానేయడం కన్నా అది నయం. పాలు, పెరుగన్నం మీద మాత్రం వద్దు. మొదటి వారం ఒకటే వేసుకుని తర్వాత రెండో మాత్ర కలిపితే చాలామందికి సర్దుకుంటుంది.

మలబద్ధకానికి ఈసబ్‌గోల్ రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగి, ఆ వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే గడ్డకట్టి ఇంకా బిగుస్తుంది. దీనికీ మాత్రలకీ మధ్య కూడా రెండు గంటలు ఎడం పెట్టండి. చాలకపోతే లాక్టులోజ్ సిరప్ గర్భిణులకి ఇబ్బంది లేనిది, డాక్టరుని అడిగి తీసుకోండి. ఆముదం జోలికి వెళ్లొద్దు, నొప్పులు తెప్పించగలదు.

స్లైడు_కింద (ల్యాబ్)

రిపోర్టు గురించి ఒక మాట. ఎంసీవీ తక్కువగా ఉన్నదల్లా ఐరన్ లోపం కాదు. తలసీమియా మైనర్ (అమ్మానాన్నల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం, స్వల్ప రకం) ఉన్నా కణాలు చిన్నగానే ఉంటాయి, ఎన్ని మాత్రలు మింగినా కదలవు. చేతి లెక్క ఒకటుంది: ఎంసీవీని ఆర్‌బీసీ (ఎర్రకణాల) సంఖ్యతో భాగించండి. 68ని 3.9తో భాగిస్తే 17 చిల్లర. 13 దాటితే ఐరన్ లోపం వైపు, 13 లోపయితే తలసీమియా వైపు మొగ్గు. ఆర్‌డీడబ్ల్యూ 19 కూడా, అంటే కణాలు చిన్నా పెద్దా కలిసి ఉండటం, ఐరన్ లోపానికే సరిపోతుంది. అయినా ఇది మొగ్గు చూపించే లెక్కే, నిర్ధారణ కాదు. గర్భిణుల్లో ఇంకా తడబడుతుంది. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష ఒకసారి చేయించి తీరాలి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే తలసీమియా క్యారియర్, అంటే మైనర్ ఉన్న మనిషి, అని అనుమానం. అప్పుడు మీ అన్నయ్యకీ అదే పరీక్ష వెంటనే చేయించాలి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్, అంటే తీవ్రమైన రకం, వచ్చే అవకాశం 25 శాతం. నిజానికి ఇది మూడో నెలలోపే అయిపోవాల్సిన పరీక్ష. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) కూడా ఇందులోనే బయటపడుతుంది. పాడేరు, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు.

ఐరన్ లోపం బాగా ఉన్నప్పుడు ఏ2 కొద్దిగా తగ్గి కనిపిస్తుంది. 3.3, 3.4 లాంటి అంకె వస్తే "నార్మల్" అని పక్కన పడేయకండి.

ఒంట్లో ఐరన్ నిల్వలు చూపించే ఫెరిటిన్ పరీక్ష చేయించగలిగితే మంచిది. 30 కన్నా తక్కువుంటే నిల్వల్లేవనే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం అది దొంగగా పెరిగి కనిపిస్తుంది.

ఇంకోటి, హిమోగ్లోబిన్ ప్రతిసారీ ఒకే ల్యాబులో చూపించండి. క్యాంపులో వేలు పొడిచి మీటరులో చూసిన 9కీ, నరం నుంచి తీసి ల్యాబు యంత్రంలో చూసిన 8.4కీ మధ్య తేడా అసలు తేడా కాకపోవచ్చు. వేలు గట్టిగా పిండితే కణాల మధ్య నీరు కలిసి అంకె తగ్గుతుంది.

ఈ వారాల్లో షుగరు పరీక్ష కూడా ఉంటుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చూపే పరీక్ష) మీద ఆధారపడొద్దు, ఐరన్ లోపంలో అది ఎక్కువ చూపిస్తుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూసేదే నమ్మదగ్గది.

పప్పూ_కూరా (డైటీషియన్)

అత్తయ్యగారికి కోపం రాకుండా చెప్పుకోవాల్సిన మాట: ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మి.గ్రా. కూడా ఉండదు, దానిమ్మలో అంతకన్నా తక్కువ. గర్భిణికి రోజుకి కావాల్సింది 27 మి.గ్రా. అదే 100 గ్రాముల నువ్వుల్లో 14 దాకా, రాగుల్లో నాలుగున్నర ఉంటుంది. తోటకూర, మునగాకు, గోంగూర, ఉలవలు, శనగలు మంచివే. కానీ ఆకుకూరల ఐరన్ ఒంటికి తక్కువే పడుతుంది, పక్కన పులుపో విటమిన్ సీయో ఉంటేనే కాస్త లాభం. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనం చివర జామకాయ తినమనండి. ఉసిరికాయ పచ్చడి ఉంటే ఇంకా మంచిది. రాగి జావలో పాలు పోసి తాగితే కాల్షియం అడ్డొస్తుంది, మజ్జిగ కూడా అంతే. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది.

మాంసం తినేవాళ్లయితే మటన్, చేప వారానికి రెండు మూడుసార్లు. వాటి ఐరన్ నేరుగా పడుతుంది, పక్కనున్న పప్పులోది కూడా లాక్కొస్తుంది. కార్జం మాత్రం రోజూ పెట్టకండి, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. మొదటి మూడు నెలల్లో అసలు వద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు తెచ్చి ఇంట్లో అందరూ పంచుకోవడం చూస్తుంటాం. అది ఆవిడకే పెట్టాలి.

ఇంత చెప్పినా, 8.4 దగ్గర తిండి ఒక్కటే చాలదు. తిండి పడిపోకుండా ఆపుతుంది, పైకి లేపేది మాత్రే.

ముగ్గుపిండి, గోడమట్టి, బియ్యం, ఐస్ తినాలనిపిస్తోందా అని ఒకసారి మెల్లగా అడగండి. సిగ్గుపడి చెప్పరు. ఐరన్ లోపంలో అది మామూలే. మట్టి తింటే ఉన్న ఐరన్ కూడా దానికి అతుక్కుని పోతుంది, పైగా నులిపురుగులు.

ఓపీ_గది_3

నులిపురుగుల మాట వచ్చింది కాబట్టి: మూడు నెలలు దాటాక ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర, ఒక్కసారి. ఇవ్వకపోయి ఉంటే అడిగి వేయించుకోండి. కొంకిపురుగు పేగుల్లో రక్తం పీలుస్తూ ఉంటే పైనుంచి ఎంత పోసినా నిలవదు. శాకాహారులైతే బీ12 కూడా చూడాలి. బీ12 తగ్గితే కణాలు పెద్దవవుతాయి, అందుకే ఐరన్, బీ12 రెండూ తక్కువున్నప్పుడు ఎంసీవీ మధ్యలో ఆగి అమాయకంగా కనిపిస్తుంది.

పాత_ప్రశ్న

రోజు విడిచి రోజు వేసుకుంటేనే ఐరన్ బాగా పడుతుందని ఈమధ్య అంటున్నారు కదా? రోజుకి రెండు వేసుకోవడం దండగ కాదా?

ఓపీ_గది_3

దండగ కాదు. ఐరన్ మింగాక హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగు తలుపు సగం మూస్తుంది. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి పట్టే శాతం ఎక్కువ. ఆ పరిశోధన గర్భిణులు కాని, నిల్వలు తగ్గిన ఆడవాళ్ల మీద మొదలైంది. వాళ్లకి తొందర లేదు. ఇక్కడ 24 వారాలు అయిపోయాయి, చేతిలో ఉన్నది 16 వారాలు. రోజూ వేసుకోవాలి. ఏ విధంగానూ తట్టుకోలేక మానేసే పరిస్థితి వస్తే, అప్పుడు రోజు విడిచి రోజు అనేది ఏమీ లేకపోవడం కన్నా మేలు.

సరైన మోతాదు, సరైన టైములు పాటిస్తే నాలుగు వారాల్లో కనీసం 1 గ్రాము పెరగాలి. 9.4 దగ్గరికి వస్తే అదే దారిలో వెళ్లండి. రాకపోతే, లేదా 30, 32 వారాలు దాటినా 9 లోపే ఉంటే, ఇక సెలైన్‌లో ఐరన్ ఆలస్యం చేయొద్దు. నాకైతే మీ వదిన విషయంలో మోతాదు సరిచేసి నాలుగు వారాలు చూడటం న్యాయంగానే అనిపిస్తోంది, మీ డాక్టరుగారి మాట తప్పు కాదు. కాకపోతే 28 వారాల దగ్గర పరీక్ష తప్పిపోకూడదు.

లేబర్‌రూమ్_డ్యూటీ (స్టాఫ్ నర్సు)

సెలైన్‌లో ఐరన్ గురించి అడిగారు. మొదటి మూడు నెలల్లో ఇవ్వరు, తర్వాత ఇస్తారు. బిడ్డకి హాని అన్న భయం అక్కర్లేదు, జాగ్రత్తల్లో చాలావరకు తల్లి కోసమే.

ఎంత కావాలో లెక్క ఉంది: కడుపుతో లేనప్పటి బరువు × (11 లోంచి ఇప్పటి హిమోగ్లోబిన్ తీసేస్తే వచ్చేది) × 2.4, దానికి నిల్వల కోసం 500 కలపాలి. మీ వదినకి 50 × 2.6 × 2.4 = 312, ప్లస్ 500, మొత్తం 812 మి.గ్రా. నరంలోకి ఇచ్చే ఐరన్ మందుల్లో ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కసారికి 200 మి.గ్రా., 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి 15 నుంచి 20 నిమిషాలకి తగ్గకుండా ఎక్కిస్తారు. రోజు విడిచి రోజు నాలుగుసార్లు వెళ్లాలి. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 1000 మి.గ్రా. దాకా ఒకే సిట్టింగ్‌లో, 15 నిమిషాల్లో అయిపోతుంది, కిలోకి 20 మి.గ్రా. మించకూడదు. దాన్ని 250 మి.లీ. సెలైన్‌కి మించి పలచన చేయకూడదు. రెండూ డెక్స్‌ట్రోజ్‌ (గ్లూకోజ్) సెలైన్‌లో కలపరు.

ఎక్కించేటప్పుడు సూది నరంలోనే ఉందా అని ముందు ఉత్త సెలైన్ పోనిచ్చి చూస్తాం. మందు పక్కకి కారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది. చెయ్యి మండినా, ఉబ్బినా వెంటనే చెప్పాలి, ఓర్చుకోకూడదు. మొహం వేడెక్కడం, ఛాతీ బిగువుగా అనిపించడం కొందరికి వస్తుంది, డ్రిప్ ఆపితే కాసేపట్లో తగ్గుతుంది. బీపీ పడిపోవడం, పిల్లికూతలు, పెదవులు వాయడం అయితే నిజమైన రియాక్షన్. అందుకే అడ్రినలిన్, ఆక్సిజన్ చేతికందేలా ఉన్న చోటే చేయించుకోవాలి, ఇంటికొచ్చి ఎక్కించేవాళ్ల దగ్గర వద్దు. అయిపోయాక 30 నిమిషాలు కూర్చోబెడతాం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న రోజు వాయిదా వేయాలి. ఆ కోర్సు నడుస్తున్నప్పుడు ఐరన్ మాత్రలు ఆపి ఫోలిక్ యాసిడ్ కొనసాగిస్తారు. హిమోగ్లోబిన్ మళ్లీ నాలుగు వారాలకి చూస్తారు, మర్నాడే చూసి పెరగలేదని కంగారు పడొద్దు. పిరుదుకి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్ ఎవరైనా చెబితే వద్దనండి, నొప్పి, నల్ల మచ్చ తప్ప దీనికన్నా ఎక్కువ ఉపయోగం లేదు.

ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకి డాక్టరు పరీక్ష, హిమోగ్లోబిన్ ఉచితంగా చేస్తారు. ప్రైవేటులో చూపించుకుంటున్నా వెళ్లొచ్చు. తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్లి అంకె అందులో రాయించుకోండి.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్ అండీ. హెచ్‌పీఎల్‌సీ రేపే ఇప్పిస్తాం. చివరిగా, ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి? కాన్పు నాటికి 10 దాటకపోతే ఏం చేస్తారు?

లేబర్‌రూమ్_డ్యూటీ

కూర్చున్నా ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, గుండె దడ తగ్గకపోవడం, కాళ్లతోపాటు మొహం వాయడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఏ కొంచెం రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, రాత్రయినా సరే వెళ్లాలి. 7 కన్నా పడిపోతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఏడో నెల దాటాక అంత తక్కువుంటే అడ్మిట్ చేసుకుంటారు. 5 లోపు అయితే ఏ నెలైనా అడ్మిషనే, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. నెలలు నిండే దగ్గర్లో ఐరన్ సెలైన్ ఎక్కించినా అది రక్తంగా మారేసరికి వారాలు పడుతుంది, అందుకే చివర్లో మిగిలే దారి రక్తం ఒక్కటే అవుతుంది.

10 దాటకపోయినా మామూలు కాన్పు కావచ్చు. కానీ కాన్పులో అర లీటరు దాకా పోవడం మామూలే. బాగున్నవాళ్లకి పట్టని నష్టం 8 ఉన్నవాళ్లని కుదేలు చేస్తుంది. కాబట్టి బ్లడ్ బ్యాంకు ఉన్న ఆసుపత్రిలోనే పేరు రాయించండి, ఇంటి దగ్గరున్న చిన్న నర్సింగ్‌హోము వద్దు. బ్లడ్ గ్రూపు కార్డు మీద రాసి ఉండాలి, 36 వారాలకల్లా రక్తం ఇచ్చే ఇద్దరు మనుషుల్ని ఎవరో అనుకుని ఉంచండి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు వెంటనే కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమని ముందే అడగండి, మాయలోని రక్తం బిడ్డకి చేరి తర్వాతి నెలల ఐరన్‌కి పనికొస్తుంది. ఇంటికెళ్లాక ఐరన్ మాత్రలు ఇంకో 180 రోజులు వేసుకోవాలి. బాలింతకి వేడి చేస్తుందని పెద్దవాళ్లు ఆపించేది సరిగ్గా అప్పుడే.